హైదరాబాద్ ఖాతాలో ఎన్ని కప్పులు?

హైదరాబాద్ ఐపీఎల్‌ను ఎన్నిసార్లు గెలిచిందన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. పాత అభిమాని ఎవరిని అడిగినా 2009, 2016 అని తడుముకోకుండా చెబుతాడు. రికార్డులు తిరగేస్తే మాత్రం సన్‌రైజర్స్ హైదరాబాద్ పేరున కనిపించేది 2016 నాటి కప్పు ఒక్కటే. 2009 కప్పు డెక్కన్ ఛార్జర్స్ గెలిచింది, ఆ జట్టు ఇప్పుడు లేదు. ఊరు అదే, ఉప్పల్ స్టేడియం అదే, చూసిన జనమూ వాళ్ళే. అయినా కాగితాల మీద ఈ రెండూ ఒకదానికొకటి ఏమీ కాని వేర్వేరు వ్యాపార సంస్థలు. సొంత ఊరి జట్టు మీద అభిమానం దేన్ని పట్టుకుని నిలబడుతుంది, ఎందుకు కొన్ని ఊళ్ళలో వేళ్ళూనుకుని కొన్ని ఊళ్ళలో చెదిరిపోతుంది అనే విషయాన్ని తెలుసుకోవడానికి హైదరాబాద్ కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం.

హైదరాబాద్ ప్రేక్షకుల మీద చాలాకాలంగా ఒక అపవాదు ఉంది. చెన్నై సూపర్ కింగ్స్ ఉప్పల్‌కు వచ్చిన రోజున స్టాండ్లలో నారింజ రంగుతో పోటీ పడుతూ పసుపు రంగు కనిపిస్తుంది. 2024 ఏప్రిల్ 5న ధోనీ చివరి ఓవర్‌లో బ్యాటింగ్‌కు దిగి ఆడింది రెండు బంతులే, చేసింది ఒక్క పరుగే. కానీ అతను మెట్లు దిగి వస్తున్నప్పుడు లేచిన హోరు తన జట్టు గెలిచినప్పటి హోరుకు తీసిపోలేదన్న సంగతి ఆతిథ్య జట్టు కెప్టెన్ పాట్ కమిన్స్‌కు కూడా అర్థమైంది. మ్యాచ్ అయ్యాక అతను ఆ హోరు గురించే ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అంతకు ముందు ఏడాది, 2023 మే 18న, ఇదే మైదానంలో సన్‌రైజర్స్ తరఫున క్లాసెన్ 104 పరుగులు చేశాడు, బెంగళూరు తరఫున కోహ్లీ సరిగ్గా 100 చేశాడు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు జట్ల నుంచీ శతకాలు రావడం అదే మొదటిసారి. ఆ రాత్రి స్టేడియం మారుమోగింది మాత్రం కోహ్లీ పేరుతోనే.

దీన్ని చూసి హైదరాబాదీలకు నిలకడ లేదని, గెలిచేవాడి వెంట, పేరున్నవాడి వెంట పోతారని తీర్పు చెప్పేయడం సులువు. ఆ తీర్పు తప్పని ఈ వ్యాసం వాదన. జనంలో లోపం లేదు, జట్లను నిర్మించిన తీరులో ఉంది.

అభిమానాన్ని గురించి శాస్త్రవేత్తలు చెప్పింది ముందు చూద్దాం. రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన ఒక పరిశోధనలో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించారు. తమ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే సోమవారం తరగతులకు విశ్వవిద్యాలయం పేరు, చిహ్నం ఉన్న దుస్తుల్లో వచ్చేవారి సంఖ్య పెరిగింది. గెలిచిన ఆట గురించి అడిగితే ‘మనం’ అంటూ తమను కలుపుకుని చెప్పడం, ఓడిన ఆటను ‘వాళ్ళ’ మీదకు నెట్టేయడం కూడా ఎక్కువగానే కనిపించింది. ఇతరుల విజయపు వెలుగులో మనమూ కాస్త వెలగాలనుకునే ఈ స్వభావం ప్రపంచమంతటా ఉన్నదే, మన గల్లీ క్రికెట్‌లోనూ ఉన్నదే. అయితే ఇది అభిమానంలో పైపొర మాత్రమే. ఓడిన మరునాడు కూడా అదే జెర్సీ వేసుకుని బయటికి వచ్చేవాడి సంగతి దీనికి అందదు. విధేయత అనే మాట వర్తించేది అసలు అతనికే.

రాయల్ ఛాలెంజర్స్ అభిమానులు దీనికి పెద్ద సాక్ష్యం. 2008 నుంచి 17 సీజన్ల పాటు ఒక్క కప్పూ రాలేదు. ‘ఈసారి కప్పు మనదే’ అనే కన్నడ నినాదాన్ని దేశమంతా వేళాకోళం చేసినా చిన్నస్వామి స్టేడియం మాత్రం నిండుతూనే వచ్చింది. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో ఆ జట్టు గెలిచింది. మరునాడు బెంగళూరులో స్టేడియం బయట జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇన్నేళ్ళ నిరీక్షణ తర్వాత జనం ఏ స్థాయిలో కదిలివస్తారో ముందే ఊహించి తగిన ఏర్పాట్లు చేయాల్సినవాళ్ళు చేయలేకపోయారు. అభిమానం ఎంత లోతుగా దిగిందో కొలవడానికి ఇలాంటి ఘటన అవసరమవడం విషాదమే.

గెలుపు లేకుండానే బెంగళూరులో అంత అభిమానం ఎలా నిలిచింది? అక్కడ మారనివి చాలా ఉన్నాయి. మైదానం మారలేదు, ఎరుపు రంగు పోలేదు, పేరు ‘బెంగళూరు’గా సవరించుకోవడం తప్ప మారలేదు, అన్నిటికీ మించి 2008లో కుర్రాడిగా చేరిన కోహ్లీ వేరే జట్టుకు వెళ్ళలేదు. చెన్నై మీద 2016, 2017 సీజన్లలో నిషేధం పడింది. తిరిగి వచ్చేసరికి అదే పసుపు, అదే ధోనీ. 2018లో కావేరీ ఆందోళనల వల్ల మ్యాచ్‌లు పుణేకు తరలిపోతే యాజమాన్యం ప్రత్యేక రైలు పెట్టి అభిమానులను అక్కడికి తీసుకెళ్ళింది. జట్టు ఊరికి దూరమైనా ఊరు జట్టుకు దూరం కాకుండా చూసుకోవడమంటే అది.

ఇప్పుడు హైదరాబాద్ కథను దీని పక్కన పెట్టి పోల్చి చూడాలి. 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు ఫ్రాంచైజీని కొన్నది. ఊరి బిడ్డ వి.వి.ఎస్. లక్ష్మణ్ తనకు రావలసిన ‘ఐకాన్’ హోదాను వదులుకున్నాడు. ఆ హోదాకు చెల్లించాల్సిన సొమ్ము వేలంలో ఇతర ఆటగాళ్ళకు ఉపయోగపడుతుందన్నది ఆయన ఆలోచన. సొంత జట్టు కోసం ఆటగాడే త్యాగం చేసిన ఇంత చక్కని ఆరంభం మరే జట్టుకూ దొరకలేదు. కానీ ఆ ఏడాది 14 మ్యాచ్‌లలో గెలిచినవి రెండే, ఆ రెండూ బయటి ఊళ్ళలోనే, ఒకటి నవీ ముంబైలో, ఇంకొకటి చెన్నైలో. టికెట్ కొని ఉప్పల్‌కు వెళ్ళినవాళ్ళు ఆ సీజన్‌లో ఒక్క గెలుపూ చూడలేదు.

2009లో సార్వత్రిక ఎన్నికల కారణంగా టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు వెళ్ళిపోయింది. అంతకుముందు ఏడాది చివరి స్థానంలో నిలిచిన జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అక్కడ విజేత అయింది. జొహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో 143 పరుగులే చేసి, బెంగళూరును 137 దగ్గర ఆపింది. 2010లో ఛాంపియన్‌గా సొంతగడ్డపై అడుగుపెట్టాల్సిన సమయానికి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. హోం మ్యాచ్‌లను నాగ్‌పూర్‌కు, కటక్‌కు, నవీ ముంబైకి మార్చారు. జట్టు తిరిగి ఉప్పల్‌కు వచ్చింది 2011లో. అప్పటికి కొత్తగా వేలం జరిగి కప్పు గెలిపించినవాళ్ళంతా చెల్లాచెదురైపోయారు: గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్ శర్మ, సైమండ్స్ ముంబైకి, ఆర్.పి. సింగ్ కొచ్చికి వెళ్ళారు. లక్ష్మణ్ సైతం కొచ్చికే వెళ్ళాడు. అంటే ఛాంపియన్ జట్టును హైదరాబాద్ తన కళ్ళతో ఎన్నడూ చూడలేదు. కప్పు గెలిచిన తర్వాత ఏం జరగాలో అదేదీ ఇక్కడ జరగలేదు: పిల్లవాడు తండ్రి భుజాల మీదెక్కి ఆ ఆటగాళ్ళను చూడడం, ఆ ఏడాదిని ఇంట్లో పదే పదే చెప్పుకోవడం, అది తరువాతి తరానికి అందడం.

2012 సెప్టెంబరులో, అప్పుల్లో కూరుకుపోయిన ఆ యాజమాన్యంతో ఒప్పందాన్ని బీసీసీఐ రద్దు చేసింది. అక్టోబరులో చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున హైదరాబాద్ ఫ్రాంచైజీ హక్కులు దక్కించుకుంది. డేల్ స్టెయిన్ వంటి కొందరు ఆటగాళ్ళు కొత్త జట్టులో కొనసాగారు. కానీ పేరు పోయింది, ఎద్దు బొమ్మ పోయింది, నీలం రంగు పోయి నారింజ వచ్చింది, కప్పు కూడా పాత పేరుతోనే పోయింది. ఐదు సీజన్ల పాటు జమ అయిన అభిమానాన్ని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టమని ఊరిని అడిగినట్టయింది.

సన్‌రైజర్స్‌కు ఆ తర్వాత మంచి రోజులు రాలేదని కాదు. డేవిడ్ వార్నర్ రూపంలో ఊరు తనదనుకున్న మొదటి నాయకుడు దొరికాడు. 2016 ఫైనల్‌లో బెంగళూరులోనే బెంగళూరును 8 పరుగుల తేడాతో ఓడించారు. లాక్‌డౌన్ రోజుల్లో ఆ ఆస్ట్రేలియా వాడు భార్యాపిల్లలతో కలిసి తెలుగు సినిమా పాటలకు చిందులేసిన వీడియోలు, క్రికెట్ తెలియని ఇళ్ళలోకి కూడా జట్టును తీసుకెళ్ళాయి. సీజన్‌లో అత్యధిక పరుగులకు ఇచ్చే ఆరెంజ్ క్యాప్‌ను మూడుసార్లు గెలిచిన ఆ మనిషిని 2021 మే నెలలో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తప్పించారు, తర్వాత తుది జట్టులోంచీ తీసేశారు. యూఏఈలో జరిగిన చివరి మ్యాచ్‌లకు అతను స్టాండ్లలో కూర్చుని సన్‌రైజర్స్ జెండా ఊపుతూ కనిపించాడు. ఆ దృశ్యం చూసిన చాలామంది అభిమానుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. క్రికెట్ పరంగా ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవచ్చు, అతని ఫామ్ నిజంగానే పడిపోయింది. కానీ అభిమానం ఫామ్‌ను చూసి పుట్టదు, ఫామ్ పోయిందని చావదు. జట్టులో ఊరికి పరిచయమైన ఒక్క ముఖాన్నీ అలా సాగనంపడం వల్ల పోగొట్టుకున్నది స్కోరుబోర్డు మీద కనిపించదు.

ఇక్కడ లెక్క స్పష్టమవుతుంది. ధోనీ, కోహ్లీ 2008 నుంచి కళ్ళ ముందు ఉన్నారు. అదే కాలంలో హైదరాబాద్ జట్టు యజమానిని, పేరును, రంగును మార్చుకుంది. కెప్టెన్లయితే గిల్‌క్రిస్ట్, సంగక్కర, వార్నర్, విలియమ్సన్, మార్‌క్రమ్, కమిన్స్ ఇలా వస్తూ పోతూ ఉన్నారు. జట్టు ఆయుష్షు కంటే ఆటగాడి ఆయుష్షు ఎక్కువైనచోట అభిమానం ఆటగాణ్ణే అంటిపెట్టుకుంటుంది. దానికి తోడు తెలుగునాట అభిమానమంటే మొదటినుంచీ సినిమా నమూనాయే. అభిమాన సంఘం, కటౌట్, పుట్టినరోజు నాటి అన్నదానం అన్నీ ఒక వ్యక్తి చుట్టూ అల్లుకున్నవి. సంస్థను ప్రేమించే అలవాటు మనకు ఎవరూ నేర్పలేదు. నేర్పగల సంస్థ ఒకటి ఒకప్పుడు ఉండేది కాని, అది క్రికెట్‌ది కాదు.

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ శిక్షకుడిగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. అయితే బలరామ్ పేరు చెబితే ఇప్పటికీ కళ్ళు మెరిసేది కోల్‌కతాలో, ఈస్ట్ బెంగాల్ అభిమానుల ఇళ్ళలో.

ఈ తేడాకు కారణం ఆ సంస్థల స్వభావంలోనే ఉంది. మోహన్ బగాన్ 1889లో పుట్టిన క్లబ్బు, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. వాటికి సభ్యులున్నారు, ఎన్నికలున్నాయి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే సభ్యత్వ కార్డులున్నాయి. మన పోలీస్ జట్టుకు ఉన్నది ఒక ప్రభుత్వ శాఖ, ఆ శాఖలో ఉద్యోగాలు, ఒక అసాధారణమైన శిక్షకుడు. 1963లో రహీం చనిపోయారు. ఆటగాళ్ళు మెరుగైన అవకాశాల కోసం కోల్‌కతా దారి పట్టడం అప్పటికే మొదలైంది. ఆ జట్టును ప్రేమించిన జనం ఉన్నారు కానీ దాన్ని నిలబెట్టే హక్కు గానీ, మార్గం గానీ వాళ్ళ చేతుల్లో లేవు. హైదరాబాద్ అభిమానం మొదటినుంచీ అద్దె ఇళ్ళలోనే కాపురం చేసింది. అప్పుడు ఇంటి యజమాని ప్రభుత్వ శాఖ, ఇప్పుడు కార్పొరేట్ సంస్థ.

ఆ ఫుట్‌బాల్ వారసత్వాన్ని మళ్ళీ బతికిస్తుందని 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. మూతపడిన పుణే సిటీ జట్టు స్థానంలో పుట్టిన ఈ క్లబ్బు కథ డెక్కన్ ఛార్జర్స్ కథకు నకలు తీసినట్టుగా సాగడం విచిత్రం. మొదటి సీజన్‌లో గచ్చిబౌలిలో ఆడి చివరి స్థానంలో నిలిచింది. తర్వాతి రెండు సీజన్లూ కరోనా వల్ల గోవాలోనే, ఖాళీ స్టాండ్ల ముందు జరిగాయి. ఆ రెండో సీజన్‌లోనే, 2022 మార్చి 20న, మనోలో మార్కేజ్ శిక్షణలో జట్టు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఆ ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. నిబంధనల ప్రకారం పసుపు జెర్సీ వేసుకునే హక్కు ఆ రోజు హైదరాబాద్‌కు దక్కింది. ఎప్పుడూ పసుపులో ఆడే కేరళ బ్లాస్టర్స్ ముదురు రంగు వేసుకోవాల్సి వచ్చింది. అయినా స్టాండ్లలో పసుపు దుస్తుల్లో పోటెత్తింది కేరళ అభిమానులే. మైదానంలో ఉన్న పసుపు ఒకరిది, స్టాండ్లలో ఉన్న పసుపు మరొకరిది. 1-1 తో సమమైన ఆటలో షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పును హైదరాబాద్‌కు ఇచ్చాడు.

రెండేళ్ళు తిరగకుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్ళ వలసలతో ఆ జట్టు మళ్ళీ అట్టడుగుకు పడిపోయింది. 2024లో యాజమాన్యం మారింది, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. డెక్కన్ లెజియన్ పేరుతో ఖాళీ గ్యాలరీలలో కూడా డప్పులు కొట్టిన అభిమాన బృందానికి మిగిలింది ఒక పాత జెర్సీ. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదు కాబట్టే ఇలా జరిగిందని కొందరు వ్యాఖ్యానించారు. జట్టుకు కప్పు వచ్చిన సంవత్సరాన్నే చూడనివ్వని ఊరి నుంచి ఆదరణ ఆశించడం ఏ న్యాయమో అర్థం కాదు.

స్థానిక ఆటగాళ్ళు ఉంటే అంతా సర్దుకుంటుందనేది తరచుగా వినిపించే మరో వాదన. 2021లో సన్‌రైజర్స్ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్ళు లేరని ఒక శాసనసభ్యుడు మ్యాచ్‌లనే అడ్డుకుంటామని హెచ్చరించేవరకూ వెళ్ళింది వ్యవహారం. అందులో నిజం లేకపోలేదు. ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు తీసుకున్నది సన్‌రైజర్సే; ఒక్క సీజన్ తర్వాత అతను బెంగళూరుకు వెళ్ళి అక్కడే ఏడేళ్ళు ఉన్నాడు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కు వచ్చి 17 పరుగులకే 4 వికెట్లు తీసి సొంత ఊరి జట్టును కూల్చాడు. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. అంబటి రాయుడు ముంబై, చెన్నై జట్లతో కప్పుల మీద కప్పులు గెలిచాడు కానీ ఐపీఎల్‌లో హైదరాబాద్ జెర్సీ వేసుకోలేదు.

అయితే ఈ వాదన పూర్తిగా నిలబడదు. దాదాపు అందరూ ఊరివాళ్ళే ఉన్న జట్టు మనకు ఒకటి ఉంది; అది రంజీ జట్టు. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో త్రిశతకం కొట్టాడు, మొత్తం 366 పరుగుల్లో 26 సిక్సర్లు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంతకంటే వేగవంతమైన త్రిశతకం అప్పటివరకు లేదు. అది జరిగింది హైదరాబాద్‌లోనే. ఆ ఆట చూడడానికి ఊరు కదిలిరాలేదు. 2017 జనవరి 1న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన బ్యాడ్మింటన్ లీగ్ మ్యాచ్ ఇంకా చిక్కైనది. కొన్ని నెలల క్రితమే రియో ఒలింపిక్ ఫైనల్‌లో పి.వి. సింధును ఓడించిన కరోలినా మారిన్ ఆ రోజు హైదరాబాద్ హంటర్స్ తరఫున, సింధు చెన్నై తరఫున ఆడారు. మారిన్ గెలిచింది, అంటే కాగితం మీద హైదరాబాద్ గెలిచింది. ఆ ఫలితానికి మనసారా చప్పట్లు కొట్టగలిగిన హైదరాబాదీ ఎంతమంది ఉంటారో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. ఊరి పేరు ఒకవైపు, ఊరి మనిషి ఇంకోవైపు ఉంటే అభిమానం రెండుగా చీలుతుంది. రెండూ ఒకేచోట, ఏళ్ళ తరబడి ఉన్నప్పుడే అది గట్టిపడుతుంది.

యజమానులు ఆ గట్టిపడే అవకాశాన్ని ఎందుకు ఇవ్వరన్నదానికి జవాబు డబ్బు లెక్కల్లో ఉంది. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ సొమ్ములోంచి అన్ని ఫ్రాంచైజీలకూ వాటా వెళుతుంది. ఏడాదికి ఏడెనిమిది హోం మ్యాచ్‌ల టికెట్ల మీద వచ్చేది దాని ముందు చిన్న మొత్తం. దశాబ్దాల పాటు గేటు వసూళ్ళ మీదే బతికిన పాతకాలపు క్లబ్బు తన ఊరి ప్రేక్షకుణ్ణి దూరం చేసుకునే సాహసం చేసేది కాదు. నేటి ఫ్రాంచైజీ అసలు కొనుగోలుదారు టీవీ, మొబైల్ ముందు కూర్చున్న దేశవ్యాప్త ప్రేక్షకుడు. అతనికి ఉప్పల్ అయినా ఒకటే, గువాహటి అయినా ఒకటే. నారింజ రంగు కూడా ఊరిది కాదని ఇప్పుడు తేలిపోయింది. సన్ టీవీకి దక్షిణాఫ్రికాలో సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ ఉంది, ఆ జట్టు 2023, 2024లలో వరుసగా కప్పులు గెలిచింది. ఇంగ్లండ్‌లో లీడ్స్ జట్టును కూడా ఇదే సంస్థ కొన్నది. ఒకప్పుడు ఊరి పేరును చూసి జట్టును గుర్తుపట్టేవాళ్ళం, ఇప్పుడు యజమాని బ్రాండ్‌ను చూసి గుర్తుపట్టాలి. అమెరికాలోనూ ఇదే తంతు: తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న డల్లాస్ ప్రాంతంలో ‘సొంత ఊరి’ క్రికెట్ జట్టు టెక్సాస్ సూపర్ కింగ్స్. అక్కడా పసుపే.

2025లో ఉచిత పాసుల విషయంలో హైదరాబాద్ క్రికెట్ సంఘం తమ మీద ఒత్తిడి తెస్తోందని ఆరోపిస్తూ, ఇలాగే సాగితే హోం గ్రౌండ్‌ను వేరేచోటికి మార్చుకుంటామని సన్‌రైజర్స్ యాజమాన్యం రాసిన లేఖ బయటపడింది. తప్పెవరిదన్నది అటుంచితే, ఆ గొడవలో ఊరి జట్టును ఊరి నుంచి తీసుకుపోవడం ఒక బేరసారాల అస్త్రంగా వాడుకోవడానికి వీలుందని తేలింది. ఆ బేరంలో టికెట్ కొనే అభిమాని ఏ పక్షమూ కాదు.

ఇది మార్చలేని స్థితేమీ కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని 1995లో జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటిస్తే నగరం కోర్టుకెక్కింది, అభిమానులు లీగ్ కార్యాలయాన్ని ఉత్తరాలతో ముంచెత్తారు. చివరికి కుదిరిన ఒప్పందంలో ఆటగాళ్ళు బాల్టిమోర్‌కు వెళ్ళారు. పేరు, రంగులు, రికార్డులు మాత్రం క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి. 1999లో కొత్త జట్టు వచ్చినప్పుడు పాత చరిత్ర మొత్తం దానికే దక్కింది. లండన్‌లో వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి ఇస్తే, అభిమానులు తామే చందాలు వేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్థాపించారు. ఊరి మైదానంలో బహిరంగంగా ఆటగాళ్ళ ఎంపిక పెట్టి, ఇంగ్లండ్ లీగ్‌లలో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి, 2011లో ప్రొఫెషనల్ లీగ్‌కు చేరారు, 2020లో సొంత ప్రాంతంలో సొంత స్టేడియం కట్టుకున్నారు. ఇంతకంటే విశేషం, తరలిపోయిన జట్టు 2007లో పాత ట్రోఫీలను, వాటి గౌరవాన్ని వింబుల్డన్ ఉన్న మెర్టన్ స్థానిక సంస్థకు అప్పగించింది. కప్పు యజమానిది కాదు, ఊరిది అని అధికారికంగా ఒప్పుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

విదేశాల దాకా వెళ్ళనక్కరలేదు కూడా. 2020లో మోహన్ బగాన్‌ను ఏటీకే అనే కోల్‌కతా ఫ్రాంచైజీతో కలిపి పేరు ముందు ఆ మూడక్షరాలు తగిలిస్తే, దాన్ని తొలగించాలని అభిమానులు మూడేళ్ళ పాటు ఆందోళన చేశారు. 2023లో కప్పు గెలిచిన రాత్రే యజమాని ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించాడు. శతాబ్దం పైబడిన క్లబ్బు, దాని సభ్యులు వెనుక ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. డెక్కన్ ఛార్జర్స్ రద్దయినప్పుడు హైదరాబాద్‌లో అటువంటి సంఘటిత గొంతు లేదు. 2009 కప్పు కొత్త జట్టు చరిత్రలో భాగం కావాలని షరతు పెట్టమని అడిగినవాళ్ళు కనిపించరు, అటువంటి షరతు పెట్టవచ్చన్న ఊహ కూడా అప్పుడు ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే చిక్కు ఇంకో మెలిక తిరుగుతుంది. విశాఖపట్నం స్టేడియం ఎందరికో ఆశ్రయమిచ్చింది. 2016లో మహారాష్ట్ర కరువు వల్ల ముంబై, పుణే జట్లు తమ హోం మ్యాచ్‌లకు అక్కడికే వచ్చాయి. 2024, 2025లలో ఢిల్లీ క్యాపిటల్స్ కొన్ని మ్యాచ్‌లకు దాన్ని సొంత మైదానం చేసుకుంది. 2025 మార్చి 30న అక్కడ ఢిల్లీతో సన్‌రైజర్స్ ఆడినప్పుడు షెడ్యూలు ప్రకారం ఢిల్లీ ఆతిథ్య జట్టు, హైదరాబాద్ అతిథి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తన ఊళ్ళోనే పరాయి జట్టు ఆటగాడిగా దిగాడు. స్టార్క్ 5 వికెట్లు తీసి ఢిల్లీని గెలిపించాడు. కబడ్డీలో ఈ ఇబ్బందిని భాష పేరుతో దాటేశారు. 2014లో మొదలైన తెలుగు టైటాన్స్‌కు రెండు రాష్ట్రాలూ సొంతమే, హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ అది ఆతిథ్య జట్టే. ఒక్క కప్పూ గెలవకపోయినా ఆ జట్టు మ్యాచ్‌లకు జనం వస్తూనే ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ దాని పేరు మారకపోవడానికి ఇందులో ఎంత భాగముందో ఆలోచించదగ్గ విషయమే.

విశాఖకో, అమరావతికో సొంత ఐపీఎల్ జట్టు కావాలన్న కోరిక ఆంధ్ర అభిమానుల్లో ఉంది. అది ఎప్పుడైనా నెరవేరితే మొదట అడగాల్సింది ఏ ఆటగాణ్ణి కొంటారని కాదు. యజమాని మారినా పేరు, రంగు, రికార్డులు ఊరితోనే ఉంటాయా, ఏటా కనీసం ఎన్ని మ్యాచ్‌లు సొంత మైదానంలో ఆడతారు, తరలించాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవి వేలానికి ముందే ఒప్పందంలోకి ఎక్కాలి. స్టేడియం కోసం ప్రభుత్వ భూమి, పోలీసు బందోబస్తు, రోడ్లు ఇచ్చేది ఊరే కాబట్టి ఈ షరతులు అడిగే హక్కు ఊరికి ఉంటుంది. హైదరాబాద్‌లో మాత్రం 2009 కప్పును సన్‌రైజర్స్ చరిత్రలో చేర్చడానికి బీసీసీఐ ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది. దానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, అడగడానికి ఒక అభిమాన సంఘం ముందుకు రావడమే మిగిలింది.